మూడోసారి తర్వాత

మొన్న ఒక కాలేజీ నుంచి కొందరు పిల్లలు మా ఇంటికొచ్చారు. టీవీ చదువు చదువుతున్నారట. ఒడిశాలోని బరంపురంలో ఉండి తెలుగులో కామెడీ సీరియల్ తీసినవాడు ఒకడు ఇంకా బతికే ఉన్నాడని వాళ్లకెవరో చెప్పారట. కుర్చీలు చాలక ఒకరిద్దరు మంచం అంచున సర్దుకున్నారు. "సార్, కామెడీ సీరియల్ ప్రొడ్యూసర్ అవ్వాలంటే ఎలాంటి బ్యాక్‌గ్రౌండ్ ఉండాలి? మీ బ్యాక్‌గ్రౌండ్ ఏంటి?" అని అడిగారు.

ఇక్కడికి దగ్గర్లోనే రామయ్యపట్నం సముద్రపు ఒడ్డున చేపల వేలంపాట పెట్టేవాణ్ని అన్నాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, పెద్దాయన హాస్యమాడుతున్నాడనుకుని మర్యాదగా నవ్వారు. నేను హాస్యమాడలేదు. నా పని అంతా ఇలాగే గడిచింది, నవ్వమన్న చోట జనం నవ్వరు, నిజం చెప్పిన చోట నవ్వుతారు. మళ్లీ వివరించే ఓపిక లేక టీ తాగించి పంపేశాను. వాళ్లు వెళ్లాక మనసు ఊరుకోలేదు. అందుకే ఇది రాస్తున్నాను. చదువుకోండి బాబూ.

నా ఒక్కడి సంగతే కాదు. ఓసారి నాలాంటి సీరియళ్లవాళ్లని నలుగురినీ పోగేసి ఒక హోటల్లో సన్మానం చేశారు. శాలువాలు కప్పుకుని ఉక్కపోతలో కూర్చున్నాం. పక్కాయన ఒకప్పుడు ఐసు ఫ్యాక్టరీ నడిపేవాడు. అవతలాయన లెక్కల ట్యూషన్లు చెప్పేవాడు. ఇంకొకాయన ఇంటింటికీ తిరిగి ఇన్సూరెన్సు పాలసీలు కట్టించేవాడు. కామెడీ చదువుకుని వచ్చినవాడు ఒక్కడంటే ఒక్కడు తగల్లేదు. "ఐసైనా జోకైనా కరిగిపోయేలోపు అమ్ముకోవాలండీ" అన్నాడు ఐసాయన. మేం నవ్వాం. ఆయన నవ్వలేదు, శాలువాతో మెడ తుడుచుకున్నాడు. ఈ పనిలో ముసలైనవాళ్లందరి మొహాలూ అలాగే ఉంటాయి.

ఇప్పుడు నా చదువు సంగతి. బోటు ఒడ్డుకి రాగానే చేపని ఇసక మీద కుప్ప పోస్తారు. పాట పెట్టేవాడు దాని పక్కన నిలబడి ధర పిలుస్తాడు. కొనేవాళ్లు పైకి పైకి పాడతారు. ఇక ఎవరూ పెంచకపోతే "ఒకటోసారి, రెండోసారి" అని, ఆఖర్న "మూడోసారి" అంటాడు. అన్నాక అయిపోయింది. బోటు యజమాని ఏడ్చినా సరే, కొన్నవాడు ఏడ్చినా సరే, ఆ మాట తిరగదు. తిరిగిందా, మర్నాటి నుంచి నీ గొంతు ఆ ఒడ్డున కుక్క కూడా వినదు. కిటుకంతా రెండోసారికీ మూడోసారికీ మధ్యన ఉంటుంది. తొందరపడితే ధర పోతుంది. సాగదీస్తే కొనేవాళ్లు ఇంకో కుప్ప దగ్గరికి పోతారు. ఎంతసేపు ఆగాలో ఎదుటివాళ్ల కళ్లు చూసి తెలుసుకోవాల్సిందే. జోకు కూడా అంతేనని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

ఆ ఒడ్డున నన్ను ముప్పుతిప్పలు పెట్టిన మనిషి ఒకావిడ ఉండేది. పాటలో చేప కొని, నెత్తిన పెట్టుకుని, బస్సెక్కి బరంపురం వీధుల్లో అమ్ముకునేది. వరసకి నాకు అప్ప. మా వైపు అక్కని అలాగే అంటాం. అందరూ పోటీలుపడి పాడుతుంటే ఈవిడ తీరిగ్గా ఇసకలో కూర్చుని చెవి గోక్కునేది. నేను రెండోసారి అని, మూడోసారికి నోరు తెరవబోతుంటే, ఆవులించినట్టుగా ఒక్క మాట అనేది. కుప్ప ఆవిడదయ్యేది. "ముందే పాడొచ్చు కదా అప్పా" అంటే, "ముందే పాడీస్తే నీకు పనేటుంటాది తమ్మీ" అనేది.

కొన్నాళ్లకి చేప తగ్గింది, నా గొంతూ పోయింది. బరంపురం వచ్చి కేబుల్ కనెక్షన్లు వేసే పనిలో చేరాను. కేబుల్ వాడంటే మీకు తెలీదు. గుమ్మంలోకి అడుగుపెట్టగానే తిట్టించుకునే జీవి వాడు. వంటింట్లోంచి ఆవిడ, వరండాలోంచి ఆయన, మంచం మీంచి ముసలమ్మ, తలా ఒక భాషలో. ఒకరు తెలుగులో మొదలెట్టి ఒడియాలో ముగిస్తారు. మేడ మీద తీగ బిగిస్తూ అవి వింటూ ఉండేవాణ్ని. వీళ్లని ఇలాగే కెమెరాలో పెడితే చాలు కదా అనిపించింది. మా కేబుల్‌కి ఒక సొంత ఛానెల్ ఉండేది. భజనలు, పెళ్లి వీడియోలు, తప్పిపోయిన మేకల ప్రకటనలు వచ్చేవి. ఓనరు దగ్గరికెళ్లి అరగంట ఖాళీ అడిగాను. "మేకల కంటే నయంగా ఉంటే వేసుకో" అన్నాడు.

మా డైరెక్టరు గేట్ బజార్‌లో బట్టల కొట్లో చీరలు పరిచేవాడు. వాడి చేతిలో సీరియల్ పెట్టడానికి కారణం వాడన్న ఒక్క మాట. "ఆడమనిషి చీర చూస్తున్నప్పుడు మేం చీరా చూడం, ఆవిణ్నీ చూడం దాదా. పక్కన నిలబడ్డ మొగుడి మొహం చూస్తాం. బేరం అక్కడుంటుంది." దాన్నే పెద్ద పెద్ద చోట్ల రియాక్షన్ షాట్ అంటారట. మావాడు పట్టుచీరల దగ్గర నేర్చుకొచ్చాడు.

కథ చిన్నది. ఒక తెలుగు ముసలావిడ, ఆవిడ ఇంట్లో అద్దెకుండే ఒడియా కుర్రజంట. ముసలావిడగా వెయ్యడానికి నాకు అప్ప తప్ప ఎవరూ గుర్తు రాలేదు. కొత్తగా వచ్చిన కుర్రాడు "ఘరే పిలా అఛి" అంటాడు. ఇంట్లో బిడ్డ ఉందని దానర్థం. ముసలావిడకి అది పిల్లి అని వినబడుతుంది. ఇక ఎపిసోడంతా కర్ర పట్టుకుని పిల్లి కోసం వెతుకుతుంది. మా ఊళ్లో తెలుగువాళ్లందరికీ ఒడియా వచ్చు. వచ్చి కూడా రానట్టు నటించడమే మా హాస్యం.

మొదటిరోజు షూటింగులో పాత అలవాటు కొద్దీ నా నోటంట "ఒకటోసారి" అని వచ్చేసింది. అందరూ నవ్వారు, అదే ఉండిపోయింది. మూడోసారి అయ్యాక అప్ప లేచి మంచినీళ్లకి వెళ్లిపోయింది. ఇంకొక్క టేక్ కావాలని డైరెక్టరు బతిమాలాడు.

"మూడోసారి అనీసినాక మల్లీ ఏటి బావూ? కుప్ప ఎత్తీసినారు. ఎల్లి బువ్వ తిను" అంది.

అప్పట్నుంచి మా యూనిట్‌లో నాలుగో టేక్ లేదు. బయటివాళ్లకిది మూర్ఖత్వంలా కనబడేది. నిజం చెప్పాలంటే మాకు మేలే జరిగింది. మూడోసారి వచ్చేసరికి లైటు పట్టుకున్నవాడు కూడా ఊపిరి బిగబట్టి నిలబడేవాడు.

ఏళ్లు గడిచాయి. జనం చేతుల్లోకి ఫోన్లు వచ్చాయి, కేబుల్ తీగలు బట్టలు ఆరేసుకోడానికి మిగిలాయి. ఓనరు ఛానెల్ మూసేస్తానన్నాడు. నాకు పెద్ద బాధ అనిపించలేదు, అప్పటికే అలిసిపోయాను. ప్రతివారం నవ్వించడం కంటే చాకిరీ లేదు. నా బెంగంతా అప్ప గురించే. మోకాళ్లు అరిగిపోయాయి, బరువు ఎత్తావంటే మంచాన పడతావని డాక్టరు గట్టిగా చెప్పాడు. కొడుకు ఎక్కడో కేరళ వైపు బోట్ల మీద పనికి పోయాడు. మనవరాలు ఈవిడ దగ్గరే ఉంది. అప్ప తను చేప అమ్మే వీధుల్ని అప్పటికే వేరే ఆవిడకి వదిలేసింది. సీరియల్ ఆగిందంటే మళ్లీ చేప నెత్తికెత్తుకోవడమే, వేరే దారి లేదు.

అప్పుడు ఒక పెద్ద తెలుగు ఛానెల్ నుంచి ఫోన్ వచ్చింది. మా ముక్కలేవో ఎవరో ఫోన్లలో పంచుకుంటే అక్కడిదాకా పోయాయట. ఒకమ్మాయిని పంపిస్తాం, ఆవిడ ముందు ఒక సీను తీసి చూపించండి, బాగుంటే మేమే తీసుకుంటాం అన్నారు. అప్పకి చెప్తే మోకాళ్లు రుద్దుకుంది. "కూకుని సేసే పనే కదా?" అంది. అవునన్నాను.

ఆ అమ్మాయి చెడ్డది కాదు. ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఇలాంటి కథల్లో పైనుంచి వచ్చినవాళ్లని రాక్షసుల్ని చేసెయ్యడం సులువు. గేట్ బజార్ వెనక సందులో మేం తీసుకునే అద్దింటికి ఆటోలో వచ్చి, చెప్పులు బయట విడిచి, మాతోపాటు కింద కూర్చుని పఖాళ తింది, అదే ఒడియావాళ్ల నీళ్లన్నం. చద్దన్నం కంటే బాగుందంది. కామెడీలోకి రాకముందు ఏదో కంపెనీలో ఫోన్ల దగ్గర కూర్చునేదట. ఏ ఊరిదో తెలియకుండా మాట్లాడటం అక్కడ నేర్పారట. "మొదట్లో అద్దం ముందు కూర్చుని ఏడ్చేదాన్ని సార్. ఇప్పుడు కావాలన్నా మా ఊరి యాస రాదు" అని నవ్వింది.

తిన్నాక అప్పని పలకరించింది. "అమ్మా, మీ బ్యాక్‌గ్రౌండ్ ఏంటి?"

మా యూనిట్‌లో బ్యాక్‌గ్రౌండ్ అంటే నటుడి వెనకాల కనబడే గోడ. అప్ప వెనక్కి తిరిగి నిదానంగా చూసింది. "సున్నం రాలిపోయింది తల్లీ. ఓ వల తెచ్చి కట్టీమంటారేటి?" అంది.

ఆ అమ్మాయి మనస్ఫూర్తిగా నవ్వింది. నవ్వాక నన్ను పక్కకి పిలిచింది. "ఆవిడ బంగారం సార్. ఒక్కటే చిన్న మార్పు. ఈ సెప్పు, సూడు, నేదు ఇవన్నీ కొంచెం సరిచేద్దాం. అన్ని జిల్లాలవాళ్లూ చూడాలి కదా. ఇవాళ ఈ సీను అలా వస్తే నేను రాత్రికే సరే అని రాసేస్తాను."

అడిగింది చిన్నదే. నేను అప్పకి చెప్పాను. అప్ప తలాడించింది. "సూద్దాం" అని నాలిక కరుచుకుని, "చూద్దాం" అంది.

సీను ఇదీ. ముసలావిడ ఆరబెట్టిన ఎండుచేప మాయమైంది. కుర్రాడి గదిలో నిజంగానే ఒక పిల్లి ఉంది. వాడు నోరు మెదపడు. ముసలావిడ పిల్లినీ వాణ్నీ మార్చి మార్చి చూసి, ఆగి, ఒక మాట అనాలి.

"ఒకటోసారి" అన్నాను. అప్ప నోట మొదటి ముక్కే "సెప్పు" అని వచ్చింది. ఆపేశాం. "రెండోసారి" అన్నాను. చెప్పు బాగానే వచ్చింది, చివర్న నేదు తగిలింది. అప్ప చీర కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ మనిషి కెమెరా ముందు చెమట పట్టడం నేనెప్పుడూ చూడలేదు.

"మూడోసారి."

"చెప్పు. ఎండుచేప ఎవరు తినేశారు? పిల్లికి నోరుంది, మాట లేదు. నీకు మాటుంది, నోరు లేదు. ఇంక నాకెవరు చెప్తారు?"

ఒక్క అక్షరం తప్పు పోలేదు. ఒక్కరూ నవ్వలేదు. షూటింగ్ చూడ్డానికి ఎప్పుడూ గుమ్మంలో గుంపుకట్టే చుట్టుపక్కల ఇళ్లవాళ్లు స్కూల్లో నిలబడ్డట్టు నిలబడ్డారు. డైరెక్టరు ఎవరి మొహమూ చూడకుండా పక్కనున్న తువ్వాలు తీసి మడత పెడుతున్నాడు. కొనకుండా వదిలేసిన చీరని మడతపెట్టినట్టే పెట్టాడు.

"పర్‌ఫెక్ట్! ఇదే కావాలి" అంది ఆ అమ్మాయి.

అమ్మయ్య అనుకున్నాను. దాచుకోను, అనుకున్నాను. చప్పగా ఉందని నాకూ తెలుసు. కానీ అప్ప మోకాళ్లు గట్టెక్కాయి, నా తల మీద బరువు దిగింది. ఈ వయసులో ఇంకేం కావాలి? కెమెరా ఆపమని చెయ్యి ఎత్తాను. అప్ప లేవలేదు.

"తమ్మీ, నాలుగోసారి అను."

తప్పుగా విన్నాననుకున్నాను. "ఆవిడకి నచ్చింది అప్పా" అన్నాను.

"ఇనబడింది. నాకు సెవుడు నేదు."

"మూడోసారి అనేశాను కదా. ఇంక మాట తిరగదని నువ్వే కదా అంటావు."

"అన్నాను. ఆ పిల్లకి నచ్చింది, ఆ పిల్ల తప్పేటీ నేదు. నాకు నచ్చనేదు. నువ్వు అంటావా, నన్ను ఎల్లిపొమ్మంటావా?"

నేను దగ్గరికెళ్లి గొంతు తగ్గించి, "డాక్టరేమన్నాడో గుర్తుందా?" అని అడిగాను.

"మోకాలు నాది. గుర్తు నీకెందుకు?" అంది.

ఆ అమ్మాయికి మా గొడవేంటో తెలీలేదు. "ఇంకో టేక్ దేనికి సార్? బాగా వచ్చింది కదా" అంది. డైరెక్టరు తువ్వాలు వదిలేసి నా వైపు చూశాడు. బోటు మునుగుతున్నా ఒడ్డున నాలుగోసారి అనే మాట వినలేదు నేను, అనలేదు. నా గొంతు నాకే పరాయివాడిదిలా వినబడింది.

"నాలుగోసారి."

అప్ప కాళ్లు చాపుకుంది. చెవి గోక్కుంది. పిల్లిని చూసింది, కుర్రాణ్ని చూసింది, మళ్లీ పిల్లిని చూసింది. నేను ఒడ్డున వందలసార్లు చూసిన చూపు అది. ఇంక ఆగితే పాడైపోతుందన్న చోట కూడా మరి కాస్త ఆగింది.

"సెప్పు. ఎండుసేప ఎవులు తినీసినారు? పిల్లికి నోరుంది, మాట నేదు. నీకు మాటుంది, నోరు నేదు. మరింక నాకెవులు సెప్తార్రా, ఎండుసేప సెప్తాదా?"

ఆ చివరిముక్క రాసింది కాదు, అప్పటికప్పుడు పుట్టింది. గుమ్మంలో జనం ఒకరిమీద ఒకరు పడ్డారు. కెమెరా కదిలిపోయింది. కుర్రాడి వేషం వేసినవాడు పిల్లిని మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పైనుంచి వచ్చిన అమ్మాయి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని, కళ్లంట నీళ్లు కారుతుంటే, "అయ్యో, అయ్యో" అంటూ గోడకి జారబడింది. అప్ప లేచి మంచినీళ్లకి వెళ్లింది.

"రెండూ పంపిస్తాను సార్" అంది ఆ అమ్మాయి వెళ్తూ వెళ్తూ. మాకందరికీ పండగలా ఉంది. డైరెక్టరు ఆటో దాకా దిగబెట్టి వచ్చాడు.

కొద్దిరోజులకి ఆ అమ్మాయి ఫోన్ చేసింది. గొంతు ఫోన్ల కంపెనీలో నేర్చుకున్న గొంతు. "నాలుగోది చూసి అందరూ పడీపడీ నవ్వారు సార్. నవ్వడం అయ్యాక, ఈ భాష ఎవరికర్థమవుతుంది అన్నారు. నవ్వారు కదా అన్నాను. మాకర్థమైంది, జనానికి అవ్వదు అన్నారు."

"మూడోది ఉంది కదమ్మా?"

"నాలుగోది చూశాక మూడోది వాళ్లకి చప్పగా ఉంది సార్. ఒక్క మూడోదే పంపించి ఉంటే..." అని ఆగిపోయింది. ఆగాక ఏడుస్తున్నట్టనిపించింది. ఫర్వాలేదమ్మా అన్నాను. ఫర్వా ఉంది, కానీ ఆ పిల్లతో ఏం చెప్పను?

ఇక్కడ మీలాంటి పిల్లలకి నీతి ఏదో చెప్పాలని అంటారు. నా దగ్గర లేదు. మూడోదాంతో సరిపెట్టుకుంటే బతుకు గడుస్తుంది, నాలుగోది నవ్విస్తుంది, రెండూ ఒకేసారి దొరకడం నేను చూడలేదు. ఐసు ఫ్యాక్టరీ ఆయన్ని అడిగితే ఏమన్నా చెప్పేవాడేమో, ఆయనా పోయాడు.

సీరియల్ మూతపడింది. అప్పకి నోటితో చెప్పకపోతే నాకు అన్నం సయించదు. పొద్దున్నే బస్సెక్కి రామయ్యపట్నం వెళ్లాను. బోట్లు వచ్చేశాయి, పాటలు అయిపోతున్నాయి. ఎవరో కుర్రగొంతు పిలుస్తోంది. మరీ తొందరపడుతున్నాడు. అప్ప అప్పటికే బుట్టలో చేప సర్దుకుని, పైన తడిగుడ్డ కప్పుతోంది. నన్ను చూసి, "ఒద్దనీసినారా?" అంది. నా నడకలోనే తెలిసిపోయిందట.

ఇసకలో పక్కన కూర్చున్నాను. ఫోన్లో విన్నదంతా చెప్పాను. ఏమీ దాచలేదు. చివరికి నా కోపం ఆగలేదు. "నాలుగోసారి అడక్కుండా ఉంటే వచ్చేది అప్పా. హాయిగా కూర్చుని చేసుకునేదానివి" అన్నాను.

"ఒచ్చును" అంది. "ఒచ్చునని నాకూ తెలుసు." తడిగుడ్డ అంచులు లోపలికి దోపింది. "ఆ మూడోదే టీవీలో ఏసినారనుకో. మా మనవరాలు దాని ముందల కూకుని, మా మామ్మ ఏదీ అని అడుగుతాది. పక్కన కూకున్నదాన్ని, నేనేటి సెప్పను తమ్మీ?"



బరంపురం బస్సు హారన్ కొట్టింది. అప్ప మోకాళ్ల మీద చేతులానించి, పళ్లు బిగబట్టి లేచింది. చుట్టకుదురు నెత్తిన పెట్టుకుంది.

"ఎత్తడానికి ఓ సెయ్యి ఎయ్యి" అంది.

వేశాను. చాలా బరువుంది.